పది ప్రపంచకప్‌లు, నాలుగే విజేతలు: రగ్బీలో కొత్త పేరు ఎందుకు రావడం లేదు?

క్లుప్తంగా: 1987 నుంచి 2023 వరకు పురుషుల రగ్బీ ప్రపంచకప్ పదిసార్లు జరిగింది. దక్షిణాఫ్రికా 4, న్యూజిలాండ్ 3, ఆస్ట్రేలియా 2, ఇంగ్లండ్ 1 సారి గెలిచాయి. మిగతా దేశాల్లో ప్రతిభ లేక ఇలా జరిగిందని చెప్పలేం. ఆటను ఎవరు ఎక్కడికి తీసుకెళ్లారు, వందేళ్ల పాటు జీతాలు ఎందుకు నిషేధించారు, పాయింట్లు ఎలా వస్తాయి, ఏ ఆటగాడు ఏ దేశానికి ఆడతాడు అన్న సంగతులు కలిసి ఈ గిరి గీశాయి. న్యూజిలాండ్ ఆటగాళ్ల హాకా నృత్యం, దక్షిణాఫ్రికా స్ప్రింగ్‌బాక్ జెర్సీ లాంటి సంప్రదాయాలూ ఆ చరిత్రలోంచే వచ్చాయి.

2023 అక్టోబర్ 28న ప్యారిస్‌లో జరిగిన ఫైనల్లో దక్షిణాఫ్రికా 12-11తో న్యూజిలాండ్‌పై నెగ్గింది. అంతకుముందు సెమీస్‌లో ఇంగ్లండ్‌పై 16-15, క్వార్టర్స్‌లో ఆతిథ్య ఫ్రాన్స్‌పై 29-28. నాకౌట్ దశ మొత్తం మీద ఆ జట్టు సంపాదించిన ఆధిక్యం మూడంటే మూడు పాయింట్లు. ఇంత సన్నని తేడాతో కప్పు చేతులు మారే ఆటలో ఎవరైనా గెలవొచ్చనే అనిపిస్తుంది. రికార్డు పుస్తకం మాత్రం వేరే మాట చెబుతుంది. 2022 వరకు 22 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లకు ఎనిమిది దేశాలు విజేతలయ్యాయి. ఆడే దేశాలే తక్కువని మనం అనుకునే క్రికెట్‌లో కూడా 2023 వరకు జరిగిన 13 వన్డే ప్రపంచకప్‌లను ఆరు దేశాలు పంచుకున్నాయి. రగ్బీ నాలుగు దగ్గరే ఆగిపోయింది.

## ముందుగా, ఏ రగ్బీ?

రగ్బీ పేరుతో రెండు ఆటలున్నాయి. ప్రపంచకప్, హాకా, ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ జాతీయ జట్టు) అని మనం వినేదంతా పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్. రెండోది పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్. విడిపోవడానికి కారణం కూలి డబ్బులు.

19వ శతాబ్దం చివర్లో ఉత్తర ఇంగ్లండ్‌లో బొగ్గు గనుల కార్మికులు, మిల్లు కార్మికులు రగ్బీ ఆడేవారు. శనివారం మ్యాచ్ ఉంటే ఆ రోజు కూలి పోయేది. పోయిన కూలిని క్లబ్బులు భర్తీ చేస్తామంటే, లండన్‌లోని రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ ఒప్పుకోలేదు. ఆటకు డబ్బు ముట్టకూడదన్నది పెద్ద స్కూళ్లలో చదువుకున్న పెద్దమనుషుల సిద్ధాంతం; పూటగడవడానికి వాళ్లు కూలికి వెళ్లక్కర్లేదు మరి. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరు కుంపటి పెట్టుకున్నాయి. యూనియన్ ఆటలో జీతాల మీద నిషేధం మరో వందేళ్లు, 1995 ఆగస్టు దాకా కొనసాగింది. ఆ వందేళ్లలో ఉద్యోగం చేసుకుంటూనే సాధన చేయగలిగిన ఆటగాళ్లు, సొంత స్టేడియాలు, క్లబ్బులు, స్కూళ్ల వ్యవస్థ ఉన్న దేశాలే నిలదొక్కుకున్నాయి.

## పాయింట్ల లెక్కలోనే బలవంతుడి పక్షపాతం

రగ్బీలో బంతిని ప్రత్యర్థి గోల్ లైన్ అవతల నేలకు ఆనిస్తే దాన్ని 'ట్రై' అంటారు. తొలి రోజుల్లో దీనికి పాయింట్లే లేవు. బంతిని ఆనించినవాడికి గోల్ కొట్టేందుకు ఒక 'ప్రయత్నం' దక్కేది, అంతే. ఆ పేరే నిలిచిపోయింది. 1992 నుంచి ట్రైకి 5 పాయింట్లు. తర్వాత బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్నే కన్వర్షన్‌కు 2, ప్రత్యర్థి తప్పుకు దక్కే పెనాల్టీ కిక్‌కు 3, ఆట మధ్యలో బంతిని నేలకు జార్చి తన్నే డ్రాప్ గోల్‌కు 3.

ఫుట్‌బాల్‌లో ఒక చిన్న జట్టు తొంభై నిమిషాలు గోడ కట్టి కూర్చుని, ఒక్క అదృష్టపు గోల్‌తో పెద్ద జట్టును ఇంటికి పంపొచ్చు. రగ్బీలో ఆ దారి చాలా ఇరుకు. ఎనభై నిమిషాల్లో పాయింట్లు వచ్చే సందర్భాలు ఎన్నో ఉంటాయి. సందర్భాలు పెరిగేకొద్దీ అదృష్టం పాత్ర తగ్గి, అసలు బలం బయటపడుతుంది. గోడ కట్టినా ఫలితం ఉండదు. వెనక్కి నెట్టుకుపోతున్న జట్టు తప్పులు చేస్తుంది, తప్పుకు పెనాల్టీ పడుతుంది, పెనాల్టీకి మూడు పాయింట్లు పోతాయి.

ఈ నెట్టుడు ఎక్కువగా కనిపించేది స్క్రమ్‌లో. ఒక్కో వైపు ఎనిమిది మంది తలలు వంచి, భుజాలు కలిపి తోస్తారు. అంతర్జాతీయ స్థాయిలో ఆ ఎనిమిది మంది బరువు కలిపితే దాదాపు 900 కిలోలు. ముందు వరుసలో ఉండే ముగ్గురిది ప్రత్యేకమైన పని. మెడ, వెన్ను ఆ ఒత్తిడికి అలవాటు పడటానికి ఏళ్లు పడుతుంది. శిక్షణ లేనివాణ్ని అక్కడ నిలబెట్టడం ప్రమాదం కాబట్టి నిబంధనలే ఒప్పుకోవు. పైగా బెంచ్ మీద ఎనిమిది మంది సబ్‌స్టిట్యూట్లు ఉంటారు. గంట తర్వాత అలసిపోయిన ముందు వరుసను మొత్తంగా మార్చి, అంతే బలమున్న కొత్తవాళ్లను దించగలగాలి. దక్షిణాఫ్రికా 2019 నుంచి దీన్నే వ్యూహంగా మార్చుకుంది. బెంచ్ మీది ఫార్వర్డ్‌లకు, అంటే స్క్రమ్‌లో తోసేవాళ్లకు, 'బాంబ్ స్క్వాడ్' అని పేరొచ్చింది. 2023 ఫైనల్లోనైతే ఎనిమిది మందిలో ఏడుగురు ఫార్వర్డ్‌లే. ఒక్కో స్థానానికి ప్రపంచస్థాయి ఆటగాళ్లు ఇద్దరు ముగ్గురున్న దేశానికే ఇది సాధ్యం.

ఫైనల్స్‌లో స్కోర్లు ఎందుకంత తక్కువగా, కాలి దెబ్బల మీదే ఆధారపడి ఉంటాయో కూడా దీన్నిబట్టి అర్థమవుతుంది. 1995, 2007 ఫైనల్స్‌లో ఒక్క ట్రై కూడా నమోదు కాలేదు. 1995లో జోయెల్ స్ట్రాన్స్‌కీ, 2003లో జానీ విల్కిన్సన్ అదనపు సమయంలో కొట్టిన డ్రాప్ గోల్సే కప్పును తేల్చాయి. 2023లో మొత్తం మీద ఒకే ఒక్క ట్రై పడితే, అదీ ఓడిన జట్టు చేసిందే. దక్షిణాఫ్రికా 12 పాయింట్లూ హాండ్రే పొలార్డ్ నాలుగు పెనాల్టీల పుణ్యం. న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్ మొదటి సగంలోనే రెడ్ కార్డ్‌తో బయటికెళ్లాడు. పురుషుల ఫైనల్లో అలా వెళ్లిన తొలి ఆటగాడు అతనే.

సంచలనాలు లేవని కాదు. 2015లో బ్రైటన్‌లో జపాన్ 34-32తో దక్షిణాఫ్రికాను ఓడించింది. అయితే ఆ తర్వాత జరిగింది కూడా చూడాలి. నాలుగు రోజులకే జపాన్‌కు స్కాట్లండ్‌తో మ్యాచ్ పడింది. ఒళ్లు హూనమైన జట్టు 45-10తో చిత్తయింది. గ్రూపులో మూడు మ్యాచ్‌లు గెలిచినా క్వార్టర్‌ఫైనల్ చేరని తొలి జట్టుగా మిగిలింది. టీవీ వాళ్లకు అనుకూలమైన రోజుల్లో పెద్ద జట్లు ఆడటం, మిగిలిన తేదీల్లో చిన్న జట్లు సర్దుకోవడం అప్పటిదాకా మామూలే. విశ్రాంతి వ్యవధి పెంచడానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది.

## ఓటు ఎవరిది, ఆహ్వానం ఎవరికి

రగ్బీ స్కూల్‌లో 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అనే కుర్రాడు బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తడంతో ఆట పుట్టిందనే కథకు బలమైన ఆధారం లేదు. ప్రపంచకప్‌కు మాత్రం అతని పేరే పెట్టారు. ఆధారాలతో చెప్పగలిగేవి వేరు: ఆ స్కూల్లో 1845లో నిబంధనలు రాతలోకి వచ్చాయి, 1871 మార్చి 27న ఎడిన్‌బరోలో స్కాట్లండ్, ఇంగ్లండ్ మధ్య తొలి అంతర్జాతీయ మ్యాచ్ జరిగింది. అప్పుడు జట్టుకు ఇరవై మంది.

అక్కడి నుంచి ఆట బ్రిటిష్ సామ్రాజ్యం ఓడలెక్కి వెళ్లింది. వెళ్లిన ప్రతిచోటా వేళ్లూనలేదు. మన కలకత్తాలోనే 1872 క్రిస్మస్ రోజున మ్యాచ్ ఆడారు, మరుసటి ఏడాది క్లబ్ పెట్టారు. క్లబ్‌లో ఉచిత మందు ఉన్నంతకాలం సభ్యులకు కొదవ లేదు. అది ఆగిపోయింది, ఆడే సైనికుల రెజిమెంట్ ఊరు విడిచింది, ఎండలు ఎటూ ఉన్నాయి. క్లబ్ మూతపడింది. బ్యాంకులో మిగిలిన 270 వెండి రూపాయలు కరిగించి కప్పు చేయించి, 1878లో ఇంగ్లండ్ యూనియన్‌కు ఇచ్చారు. పిడులుగా తాచుపాములు, మూత మీద ఏనుగు ఉన్న ఆ కలకత్తా కప్ కోసమే 1879 నుంచి ఇప్పటికీ ఇంగ్లండ్, స్కాట్లండ్ పోటీపడుతున్నాయి. రూపాయలు మనవి, ఆట వాళ్లది.

వలసదారులు శాశ్వతంగా స్థిరపడిన న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో కథ వేరు. అక్కడ స్కూళ్లలోకి, పల్లెల్లోకి ఆట దిగింది. ఆట పగ్గాలు మాత్రం బ్రిటన్‌లోనే ఉండిపోయాయి. 1886లో పుట్టిన అంతర్జాతీయ బోర్డులో ఈ మూడింటికీ పూర్తి సభ్యత్వం దక్కింది 1940ల చివర్లో. ఫ్రాన్స్‌కైతే 1978లో. ఒలింపిక్స్‌లో చివరిసారి పదిహేను మంది రగ్బీ ఆడించిన 1920, 1924 రెండుసార్లూ స్వర్ణం అమెరికాది. లెక్క ప్రకారం ఈనాటికీ డిఫెండింగ్ చాంపియన్ అమెరికానే, కానీ బోర్డు వ్యవహారాల్లో ఆ పతకానికి విలువ లేకపోయింది.

ప్రపంచకప్ ఆలోచనకు కూడా బ్రిటన్ యూనియన్లు తేలిగ్గా తల ఊపలేదు. వృత్తి క్రీడకు దారి తీస్తుందని వాళ్ల భయం. 1985లో ప్యారిస్‌లో ఓటింగ్ జరిగితే 10-6తో నెగ్గింది. వర్ణవివక్ష వల్ల తాను ఆడలేనని తెలిసి కూడా దక్షిణాఫ్రికా అనుకూలంగానే ఓటేసింది. 1987 టోర్నీకి అర్హత పోటీలు లేవు. 16 జట్లను పిలిచారు. పశ్చిమ సమోవాకు పిలుపు రాలేదు. 1991లో అర్హత సాధించి వచ్చిన అదే సమోవా, కార్డిఫ్‌లో 16-13తో వేల్స్‌ను ఓడించింది. పిలుపుకు, సత్తాకు సంబంధం లేదని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

## తలుపు తెరిస్తే ఏమవుతుంది

బయటి జట్టు పైకి రావాలంటే ఏటా గట్టి ప్రత్యర్థులతో ఆడాలి. ఉత్తరార్ధగోళంలో ఆ అవకాశం ఇచ్చేది ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్, ఫ్రాన్స్, ఇటలీ ఏటా ఆడే సిక్స్ నేషన్స్ టోర్నీ. ఇందులో కింది జట్టు దిగిపోవడం, పై మెట్టు ఎక్కడం లేదు. ఇటలీ 2000లో చేరింది, అప్పట్నుంచి తలుపు మూసే ఉంది. లేలో బుర్తి అనే సొంత గ్రామీణ ఆటలోంచి రగ్బీ వైపు వచ్చిన జార్జియా, యూరప్ రెండో శ్రేణి టోర్నీని దాదాపు ఏటా గెలుస్తోంది. 2022లో ఇటలీని, కార్డిఫ్‌లో వేల్స్‌ను ఓడించింది. అయినా ప్రమోషన్ లేదు. సిక్స్ నేషన్స్‌లో అత్యధిక వాటా ఆ ఆరు యూనియన్లదే. టీవీ ఆదాయంలో సొంత వాటాను పణంగా పెట్టి కొత్తవాణ్ని పిలవాల్సిన అవసరం వాళ్లకు కనిపించడం లేదు.

తలుపు తెరిచిన చోట ఫలితం వేరుగా ఉంది. అర్జెంటీనా 2007లో మూడో స్థానం సాధించాక కూడా ఐదేళ్లు ఆగి, 2012లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా ఆడే దక్షిణార్ధగోళ టోర్నీలోకి అడుగుపెట్టింది. తర్వాత 2015, 2023ల్లో సెమీస్ ఆడింది. ఫిజీదీ అలాంటి కథే. ఫిజీకి చెందిన ఫిజియన్ డ్రూవా జట్టుకు 2022లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా జట్లు ఆడే సూపర్ రగ్బీ లీగ్‌లో చోటు దొరికింది. మరుసటి ఏడాదే ఫిజీ ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్‌ను, ప్రపంచకప్‌లో 22-15తో ఆస్ట్రేలియాను ఓడించింది. ఆస్ట్రేలియాపై ఫిజీ గెలవడం 1954 తర్వాత అదే మొదలు.

పసిఫిక్ దీవులకు ఇంకో చిక్కుంది. టోంగా జనాభా లక్షకు అటూ ఇటూ, అంటే మన దగ్గర ఒక మోస్తరు మున్సిపాలిటీ అంత. సమోవా దానికి రెట్టింపు. ఉపాధి కోసం కుటుంబాలు ఆక్లాండ్, సిడ్నీ వెళ్తాయి, పిల్లలు అక్కడి జట్లకు ఆడతారు. 1995 సెమీస్‌లో ఇంగ్లండ్‌పై నాలుగు ట్రైలు చేసిన జోనా లోము టోంగా దంపతులకు ఆక్లాండ్‌లో పుట్టిన బిడ్డే. దీన్ని దోపిడీ అని ఒక్క మాటలో తేల్చేయలేం. పుట్టి పెరిగిన దేశానికి ఆడటం అతని హక్కు. చిక్కంతా, పెద్ద జట్టుకు ఒకటి రెండు మ్యాచ్‌లు ఆడి పక్కనపడ్డ ఆటగాడు కూడా జీవితాంతం ఆ దేశానికే కట్టుబడి ఉండాలన్న పాత నిబంధనతో వచ్చింది. 2022 నుంచి ఇది మారింది. మూడేళ్లు ఏ జాతీయ జట్టుకూ ఆడకుండా ఉంటే, తాను గానీ తల్లిదండ్రులు, అమ్మమ్మ తాతయ్యల తరం గానీ పుట్టిన దేశానికి మారొచ్చు. మాజీ ఆల్ బ్లాక్స్ చార్ల్స్ పియుటావు, మలకాయ్ ఫెకిటోవా 2023లో టోంగాకు ఆడింది అలాగే.

## హాకా: గొయ్యిలోంచి స్టేడియంలోకి

న్యూజిలాండ్ జట్టు మ్యాచ్‌కు ముందు చేసే హాకాను చాలామంది యుద్ధ నృత్యం అనేస్తారు. ఆ మాట సగమే నిజం. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలు స్వాగతానికీ, సంతాపానికీ, పెళ్లికీ హాకా చేస్తారు. ఆల్ బ్లాక్స్ ఎక్కువగా చేసే 'కా మాతే'ను 1820 ప్రాంతంలో న్గాతి తోవా తెగ నాయకుడు టె రౌపరాహా కట్టాడు. శత్రువులు తరుముతుంటే అతను చిలగడదుంపలు నిల్వచేసే గొయ్యిలో దాక్కున్నాడు. 'చావేనా, చావేనా, బతుకే, బతుకే' అన్న పల్లవి ఆ గొయ్యిలో పుట్టింది. చంపుతాం అన్న బెదిరింపు అందులో లేదు. ఉన్నది బతికి బయటపడ్డవాడి ఊపిరి.

రగ్బీలోకి హాకాను తెచ్చింది 1888-89లో బ్రిటన్ వచ్చిన న్యూజిలాండ్ నేటివ్స్ జట్టు. అందులో ఎక్కువమంది మావోరీలే. ఆ పర్యటనలో వాళ్లు ఏకంగా 107 మ్యాచ్‌లు ఆడారు. 1905లో వచ్చిన జట్టుకు ఆల్ బ్లాక్స్ పేరు స్థిరపడింది. 35 మ్యాచ్‌ల్లో ఆ జట్టు ఓడింది ఒక్కటే, కార్డిఫ్‌లో వేల్స్ చేతిలో 3-0తో. ఆ రోజు హాకాకు జవాబుగా వేల్స్ ఆటగాళ్లు తమ జాతీయ గీతం ఎత్తుకుంటే స్టేడియం మొత్తం గొంతు కలిపింది. మ్యాచ్‌కు ముందు జాతీయ గీతం పాడే ఆనవాయితీకి అదే తొలి సందర్భంగా చెబుతారు.

వందేళ్లకు పైగా అదే రోషంతో చేశారనుకుంటే పొరపాటు. చాలాకాలం హాకా విదేశీ పర్యటనల్లో ప్రేక్షకుల వినోదానికి చేసే తంతులా ఉండేది. సొంతగడ్డపై దాదాపు చేసేవారే కాదు. బక్ షెల్ఫర్డ్ లాంటి ఆటగాళ్లు చేస్తే సరిగ్గా చేయాలని పట్టుబట్టడంతో 1987 నుంచి తీరు మారింది. 2005లో డెరెక్ లార్డెల్లీ కట్టిన 'కాపా ఓ పాంగో' వచ్చింది. చివర్లో గొంతు దగ్గర చేసే సైగపై దుమారం రేగింది. పీక కోయడం కాదు, గుండెలోకి ప్రాణశక్తిని లాగడం అని దాని అర్థం చెప్పారు. 'కా మాతే'ను వాణిజ్యానికి వాడితే టె రౌపరాహాకు, అతని తెగకు గుర్తింపు ఇవ్వాలని న్యూజిలాండ్ 2014లో చట్టమే చేసింది. ఫిజీ, సమోవా, టోంగాలకూ ఇలాంటి సొంత సవాలు నృత్యాలున్నాయి.

ఎదుటి జట్టు మైదానం మధ్య గీత దాటకూడదన్న నిబంధన ఉంది. 2011 ఫైనల్లో ఫ్రాన్స్ బాణం ఆకారంలో ముందుకు నడిచి 2,500 పౌండ్లు, 2019 సెమీస్‌లో 'వి' ఆకారంలో నిలబడిన ఇంగ్లండ్ 2,000 పౌండ్లు జరిమానా కట్టాయి. ఫ్రాన్స్ 8-7తో ఓడింది, ఇంగ్లండ్ 19-7తో గెలిచింది. హాకా వల్ల మ్యాచ్ ఫలితం మారుతుందనే వాదనకు ఈ రెండు మ్యాచ్‌లు పెద్దగా సాయపడవు.

## ఆకుపచ్చ జెర్సీ

సంప్రదాయం వెనుక ఉన్న రాజకీయం మరింత స్పష్టంగా కనిపించేది దక్షిణాఫ్రికాలో. జట్టు జెర్సీ మీది స్ప్రింగ్‌బాక్ అనే జింక చిహ్నం 1906 పర్యటన నాటిది. దశాబ్దాల పాటు అది తెల్లవారి అధికారానికి గుర్తు. నల్లజాతి ప్రేక్షకులు ఎదుటి జట్టుకు చప్పట్లు కొట్టేవారు. దక్షిణాఫ్రికా కోసం న్యూజిలాండ్ కూడా దిగజారింది. 1928, 1949, 1960 పర్యటనలకు తన మావోరి ఆటగాళ్లను ఇంట్లోనే వదిలి వెళ్లింది. హాకా చేసే జట్టు మావోరీలు లేకుండా ఆడటం కన్నా విడ్డూరం ఉండదు. 1981లో స్ప్రింగ్‌బాక్స్ న్యూజిలాండ్ వచ్చినప్పుడు దేశం రెండుగా చీలింది. ఆక్లాండ్ టెస్టులో నిరసనకారులు విమానంలోంచి మైదానంపై పిండి పొట్లాలు వేశారు.

అందుకే 1995 ఫైనల్లో నెల్సన్ మండేలా, కెప్టెన్ ఫ్రాన్స్వా పీనార్ వేసుకునే 6వ నంబర్ జెర్సీతో రావడానికి అంత బరువు వచ్చింది. జట్టులో మాత్రం అప్పటికి తెల్లవాడు కానిది చెస్టర్ విలియమ్స్ ఒక్కడే. 2018లో సియా కోలిసి టెస్టు జట్టుకు తొలి నల్లజాతి కెప్టెన్ అయ్యాడు. 2019 ఫైనల్లో ఇంగ్లండ్‌పై మకాజోలే మపింపి చేసిన ట్రై, ప్రపంచకప్ ఫైనల్స్‌లో దక్షిణాఫ్రికాకు మొట్టమొదటిది. అప్పటికే ఆ దేశం రెండు కప్పులు గెలిచి ఉంది. కోలిసి సారథ్యంలో వరుసగా రెండు టైటిళ్లు రావడాన్ని సెంటిమెంట్‌గా చూసేవారే ఎక్కువ. లెక్కగా చూస్తే అర్థం ఇంకోటి: జనాభాలో అత్యధికుల్ని ఆట బయట ఉంచిన దేశం, వాళ్లను లోపలికి రానిచ్చాక ఎంపిక చేసుకునే వనరు కొన్ని రెట్లు పెరిగింది.

## మహిళల కప్పు చెప్పేదేమిటి

మహిళల ప్రపంచకప్ తొలి విజేత, 1991లో, అమెరికా. ఎవరికీ జీతాలు లేని రోజుల్లో, విశ్వవిద్యాలయాల నుంచి ఆటగాళ్లు పుష్కలంగా వచ్చే దేశం ముందుంది. తర్వాత న్యూజిలాండ్ ఆరుసార్లు గెలిచింది. ఇంగ్లండ్ 2019లో పదిహేను మంది ఆటకు పూర్తికాల కాంట్రాక్టులు ఇచ్చింది; 2025 సెప్టెంబర్ 27న ట్వికెన్‌హామ్‌లో 81,885 మంది ముందు కెనడాను 33-13తో ఓడించి మూడో టైటిల్ అందుకుంది. సన్నాహాల కోసం విరాళాలు సేకరించుకుని వచ్చిన కెనడా ఫైనల్ దాకా రావడం గొప్పే. కానీ ఆఖరి అరగంటలో కాంట్రాక్టులున్న జట్టు బెంచ్ ముందు నిలవడం కష్టం.

## 2027లో ఏం మారుతుంది

ఆస్ట్రేలియాలో జరిగే తదుపరి పురుషుల కప్పులో 20 బదులు 24 జట్లు ఆడతాయి. ఆరు గ్రూపులు, తర్వాత 16 జట్ల నాకౌట్ రౌండ్. జట్లు పెరగడం వల్ల గ్రూప్ దశలో భారీ తేడా మ్యాచ్‌లు ఎక్కువ కావొచ్చు. నాకౌట్‌లో ఒక మెట్టు పెరగడం వల్ల లోతైన బెంచ్ ఉన్న జట్లకే లాభం. 2026 నుంచి నేషన్స్ చాంపియన్‌షిప్ వస్తోంది. సిక్స్ నేషన్స్ ఆరు, దక్షిణార్ధగోళ టోర్నీ నాలుగు కలిపి పాత పది జట్లకు ఇందులో జపాన్, ఫిజీ తోడవుతున్నాయి. జార్జియా, సమోవా, టోంగా మళ్లీ బయటే.

భారత్ లాంటి దేశాలు ఎంచుకున్న దారి ఏడుగురు ఆడే సెవెన్స్. 2025లో ముంబైలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ఆరు జట్లుంటే, ఒకటి హైదరాబాద్ హీరోస్. సెవెన్స్‌లో స్క్రమ్‌కు ముగ్గురే, సగం ఏడు నిమిషాలే. 900 కిలోల బరువు, లోతైన బెంచ్ అక్కర్లేదు. తొమ్మిది లక్షల జనాభా ఉన్న ఫిజీ 2016, 2021 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు నెగ్గడానికి అదే కారణం. అయితే సెవెన్స్ నైపుణ్యం పదిహేను మంది ఆటకు నేరుగా పనికిరాదు. ముందు వరుస వీరులు అక్కడ తయారు కారు.

ప్రపంచకప్‌కు ఐదో విజేత త్వరలో రావచ్చు. మూడు ఫైనల్స్ ఓడిన ఫ్రాన్స్, లేదా నంబర్ వన్ ర్యాంకుతో వచ్చి కూడా ఇంతవరకు క్వార్టర్‌ఫైనల్ దాటని ఐర్లండ్. కానీ ఆ రెండూ 1987 ముందు నుంచే బోర్డులో కూర్చున్న ఎనిమిది యూనియన్లలోవే. ఆ ఎనిమిదికి బయట నుంచి ఇప్పటిదాకా ప్రపంచకప్ సెమీస్ ఆడిన జట్టు అర్జెంటీనా ఒక్కటే.